బాత్రూమ్ గోడకు ఏ బోర్డు?

శ్రోతలకు నమస్కారం. మేడ మీద గది వేసుకుంటూ, పక్కన బాత్రూమ్‌కు ఇటుక బదులు బోర్డు గోడ పెట్టించుకునేవాళ్లు ఉన్నారు. స్లాబు మీద బరువు తగ్గుతుంది, పని త్వరగా అవుతుంది. చిక్కల్లా నీళ్లతోనే.

మామూలు జిప్సం బోర్డు అంటే రెండు కాగితాల నడుమ జిప్సం. తడి తగిలితే కాగితానికి బూజు పడుతుంది, లోపలిది మెత్తబడుతుంది. ఆకుపచ్చ కాగితంతో వచ్చే రకం నీటిని తక్కువగా పీలుస్తుంది. వంటగదికి అది సరిపోతుంది. షవర్ కింద మాత్రం వద్దు, దుకాణంలో ఎంత ధీమాగా చెప్పినా సరే!

అక్కడ ఫైబర్ సిమెంట్ బోర్డు మేలు. నానినా కుళ్లదు, మెత్తబడదు. అలాగని నీటిని ఆపుతుందనుకోవద్దు. నీరు జాయింట్లలోంచి, స్క్రూ రంధ్రాల్లోంచి వెనక్కి దిగుతుంది. టైల్స్ ఉంటే నీళ్లెలా పోతాయండీ అంటాడు మేస్త్రి. టైల్స్‌లోంచి పోవు, వాటి మధ్య నింపిన గ్రౌట్‌లోంచి పోతాయి. అందుకే టైల్స్ వేయకముందే జాయింట్లకు జాలీ టేపు అంటించి, గోడంతా వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించాలి. ఖర్చు తగ్గించాలనుకుంటే ఇంకెక్కడైనా తగ్గించండి, ఇక్కడ వద్దు. బోర్డు అడుగు అంచు నేలకు ఆనకూడదు. కాస్త ఖాళీ వదిలి సీలెంట్‌తో మూయించండి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఉప్పుగాలి ఉంటుంది కాబట్టి స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి.

మెగ్నీషియం ఆక్సైడ్ బోర్డులు కూడా తడికి తట్టుకుంటాయని అమ్ముతారు. డెన్మార్క్‌లో 2010 తర్వాత కొన్నేళ్లపాటు వీటిని చాలా భవనాల బయటి గోడల్లో వాడారు. అవి గాలిలోని తేమను లాగి, ఉప్పునీటి చుక్కలు కార్చాయి. ఆ ఉప్పుకు లోపలి ఇనుము తుప్పు పట్టింది. బోర్డులు మార్చడం పెద్ద తలనొప్పి అయింది. అన్ని రకాలూ అలాంటివే అనలేం కానీ, మన కోస్తాలో ఆచితూచి కొనాలి.

ప్లైవుడ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) గ్రేడు ఇంటి లోపలి గాలి తేమకే, నీళ్లకు కాదు. సింకు కింద అరలకు ఐఎస్ 710, అంటే మెరైన్ ప్లైవుడ్‌కు ఉన్న భారత ప్రమాణం, ముద్ర ఉన్నది తీసుకోండి. దాన్ని 72 గంటలు నీళ్లలో మరిగించి పరీక్షిస్తారు.

ఇప్పటికే చెమ్మ ఎక్కిన గోడను మాత్రం ఏ బోర్డుతోనూ కప్పకండి. పైపు లీకా, బయటి పగులా అన్నది ముందు తేల్చుకోవాలి. బాగుచేయించాక గోడ పూర్తిగా ఆరనివ్వండి. బోర్డు పని ఆ తర్వాతే. నమస్కారం.