స్కైలర్ మీద ఎందుకంత కోపం?

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో ఏఎంసీ ఛానల్లో 2008 నుంచి 2013 వరకు ‘బ్రేకింగ్ బ్యాడ్’ అనే సీరియల్ వచ్చింది. ఆల్బకర్కీ ఊళ్లో హైస్కూలు కెమిస్ట్రీ మాస్టారు వాల్టర్ వైట్. ఊపిరితిత్తుల క్యాన్సరని తెలిశాక మత్తుమందు తయారీకి దిగుతాడు. మనుషుల్ని చంపుతాడు, ఒక పసివాడికి విషం పెడతాడు. అయినా చాలామంది ప్రేక్షకులు మండిపడింది అతని భార్య స్కైలర్ మీద. ఆమెను తిట్టడానికే ఫేస్‌బుక్‌లో పేజీలు వెలిశాయి. ఆ పాత్ర వేసిన నటి ఆనా గన్ 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో దీని గురించి వ్యాసం రాశారు. తనను చంపాలని ఉంది, ఎక్కడ దొరుకుతుందో చెప్పండని ఒకరు ఆన్‌లైన్‌లో అడిగిన సంగతీ అందులో ఉంది.

మన సూర్యకాంతం గారి గయ్యాళి వేషాలు చూసి, ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడానికే జనం జంకారని చెప్పుకుంటాం. కానీ అవి తిట్టించుకోవడానికే రాసిన పాత్రలు. స్కైలర్ అలాంటిది కాదు. మరి ఈ కోపం ఎక్కడిది?

మొదటి ఎపిసోడ్ చూడండి. వాల్టర్ డాక్టరు దగ్గర జబ్బు సంగతి విని ఇంటికొస్తాడు. స్కైలర్ అడుగుతుంది: పోయిన నెల మాస్టర్‌కార్డ్ వాడావా, 15 డాలర్ల 88 సెంట్లు? ప్రింటర్ కాగితాలకని అతను చెబుతాడు. డాక్టరు మాట మనం విన్నాం, ఆమె వినలేదు. కడుపుతో ఉన్న మనిషి, చాలీచాలని జీతంతో ఇల్లు నెట్టుకొస్తూ అడిగిన లెక్క అది. మన చెవికి మాత్రం సణుగుడులా తగులుతుంది. అతనికి తెలిసిందంతా మనకు తెలియడంతో, తెలియకుండానే అతని పక్షాన చేరిపోతాం. ఇక అతని పనికి ఎవరు అడ్డొచ్చినా మన వినోదానికి అడ్డొచ్చినట్టే.

మూడో సీజన్లో ఈ పట్టు ఇంకా బిగుస్తుంది. మొగుడు చేసే పని తెలిసిపోయి స్కైలర్ అతన్ని దూరం పెడుతుంది. వద్దన్నా వాల్టర్ ఇంట్లోకి వచ్చేస్తాడు. ఆమె పోలీసుల్ని పిలుస్తుంది. అతను కొట్టలేదు, విడాకులూ కాలేదు. వాళ్లు చేయగలిగిందేమీ లేదు. కొడుకేమో నాన్న వైపు. అసలు నిజం చెబితే ఆ పిల్లాడి బతుకు ఏమవుతుందోనని ఆమె నోరు నొక్కుకుంటుంది. ఆ తర్వాత ఆమె తను పనిచేసే ఆఫీసు యజమానితో సంబంధం పెట్టుకుంటుంది. ఇంకొన్నాళ్లకు కార్‌వాష్ కొనిపించి నల్లడబ్బు లెక్కలు రాస్తుంది. మచ్చలేని మనిషేమీ కాదు. కానీ మొగుడి హత్యలకు సాకులు వెతికినవాళ్లే, ఆమె చేసిన తప్పుల్ని ఏళ్ల తరబడి ఎత్తిచూపారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మళ్లీ చూసేవాళ్లు ఒక పని చేయండి. స్కైలర్ ఉన్న ప్రతి సన్నివేశం దగ్గర ఆపి, ఈ క్షణానికి ఆమెకు తెలిసిందెంత అని కాగితం మీద రాయండి. రెండో సీజన్ చివర్లో, ఆపరేషన్‌కు ముందు మత్తులో ఉన్న వాల్టర్‌ని సెల్‌ఫోన్ గురించి అడిగితే, ‘ఏది?’ అంటాడు. రెండో ఫోన్ లేనే లేదని అన్నాళ్లూ బుకాయించిన మనిషి! ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె అబద్ధాల తీగంతా లాగుతుంది. ఆ కాగితం ముందు పెట్టుకుంటే, ఆ ఇంట్లో కళ్లు తెరుచుకుని ఉన్నది ఆమేనని తెలుస్తుంది.

చివరి ఎపిసోడ్లో చిన్న వంటింట్లో సిగరెట్ కాలుస్తూ కూర్చుంటుంది స్కైలర్. వాల్టర్ ఏదో చెప్పబోతాడు. ఇదంతా కుటుంబం కోసమే చేశానని ఇంకోసారి వినాల్సొస్తే... అంటూ ఆమె అడ్డుపడుతుంది. అప్పుడుగానీ ఒప్పుకోడతను, తన కోసమే చేశానని.