బెంగళూరు దర్శినిలో టిఫిన్: ఏ పూట ఏది తినాలి, ఎలా ఆర్డర్ చేయాలి

నమస్కారం అండి. బీటీఎంలోనో మారతహళ్లిలోనో కొత్తగా పీజీలో దిగారు. పొద్దున్నే ఆకలేస్తోంది, వీధి మలుపులో ఒక దర్శిని, అంటే నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్, ఉంది. లోపలికెళ్తే కుర్చీల్లేవు, వెయిటర్ లేడు, జనం మాత్రం కిటకిట. ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ వీడియోలో అదే చూద్దాం.

ముందు ఒక్క ముక్క. ఇక్కడ బోర్డు కంటే గడియారం చూసి ఆర్డర్ చేయాలి. బోర్డు మీద 40 ఐటెమ్స్ రాసుంటాయి కానీ, ఆ పూట వేడివేడిగా తిరిగేవి నాలుగైదే. 1983లో జయనగర్‌లో కెఫే దర్శినితో ఈ పద్ధతి మొదలైందంటారు. కుర్చీలు, సర్వర్లు లేకపోతే చిన్న జాగాలోనే ఎక్కువమంది తింటారు, ధర తగ్గుతుంది. పది నిమిషాల్లో టేబుల్ ఖాళీ అవుతుంది. రద్దీ ఉన్నంతసేపూ ఇడ్లీ కుక్కర్ దిగుతూనే ఉంటుంది, చట్నీ నిలవుండదు. రద్దీ తగ్గిందంటే అదే వడ ట్రేలో కూర్చుని చల్లారిపోతుంది.

సరే, క్యాష్ కౌంటర్ దగ్గరికి రండి. ముందు డబ్బు, తర్వాత తిండి. యూపీఐ చేస్తే స్పీకర్ పలికేదాకా అక్కడే ఉండండి. బిల్లు చీటీ చేతిలో పడ్డాక చూసుకోండి: దోసె ఒక కౌంటర్, ఇడ్లీ-వడ-బాత్ ఇంకో కౌంటర్, కాఫీ ఇంకోటి. చీటీలు విడివిడిగా వస్తే కాఫీది జేబులో పెట్టుకోండి. ఒకే చీటీ అయితే దోసె మాస్టర్ టిక్ పెట్టో, కొంచెం చింపో తిరిగిస్తాడు. అది అడిగి తీసుకోవాలి, లేదంటే కాఫీ దగ్గర ఇరుక్కుంటారు. కాఫీ మాత్రం ఆఖర్న తెచ్చుకోండి. ముందే తెచ్చుకుంటే దోసె పిలుపు వచ్చేలోపు చల్లారిపోతుంది.

పేర్లు కూడా తెలియాలి. ఖారా బాత్ అంటే మన ఉప్మాకి దగ్గరే, కానీ కూరగాయలు, వాంగీబాత్ (వంకాయ అన్నం) మసాలా పొడి, కాస్త ఎక్కువ నూనె పడతాయి. కేసరి బాత్ తీపిది. రెండూ ఒకే ప్లేట్‌లో కావాలంటే చౌచౌ బాత్ అనాలి. ఇద్దరుంటే ఒక చౌచౌ, ఒక మసాలా దోసె తీసుకుని పంచుకోవడం మంచి లెక్క. రైస్ బాత్ రోజుకో రకం, కౌంటర్లో ఈ రోజు ఏదని అడగండి. ఇడ్లీ డిప్ అంటే ఇడ్లీ మొత్తం సాంబార్‌లో మునిగి వస్తుంది. బెంగళూరు సాంబార్‌లో బెల్లం పడుతుంది, మన నాలుకకి తియ్యగా తగులుతుంది. అందుకని మొదటిసారి డిప్ వద్దు. "సాంబార్ బేరె కొడి" అంటే గిన్నెలో విడిగా పోస్తారు. అల్లం పచ్చడి కోసం ఎదురుచూడకండి, ఇక్కడ కొబ్బరి, పుట్నాల చట్నీదే రాజ్యం. శంకరపురంలో 1965 నుంచి ఉన్న బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌లో అసలు సాంబారే ఇవ్వరు, చట్నీ ఒక్కటే. అక్కడ తిన్నాక సాంబార్ లేని లోటు ఎవరికీ తెలీదు.

ఇప్పుడు పెనం దగ్గరికి రండి, దగ్గరగా చూడండి. మాస్టర్ నీళ్లు చల్లాడు, చుయ్ మంది, చిన్న చీపురుతో ఊడ్చాడు. ఆ నీళ్లు పెనం వేడి తగ్గించడానికి. వేడి ఎక్కువైతే పిండి పరుచుకోకుండా గరిటెతో పాటే లేచొస్తుంది. ఇప్పుడు వరసగా ఎనిమిది, పది దోసెలు పోశాడు, పైన నెయ్యో వెన్నో తిప్పాడు, ఎర్ర చట్నీ పూశాడు, ఆలుగడ్డ పల్య (కూర) పెట్టి మడిచాడు. ఇలా వరస నడుస్తున్నప్పుడే మసాలా దోసె తినాలి. పెనం ఖాళీగా ఉండి మీ ఒక్కరి కోసం పోస్తే అంచు మాడి నడుమ మెత్తబడే అవకాశం ఎక్కువ. అప్పుడు ఇడ్లీతో సరిపెట్టుకోండి. ఇంకో సంగతి: దావణగెరె బెణ్ణె దోసె వేరే రకం. తెల్లని పల్య, కొబ్బరి చట్నీ, బోలెడు వెన్న, ఎర్ర చట్నీ ఉండదు. రెండూ ఒకటే అనుకుని పోల్చి తిట్టకండి.

టైమింగ్. మామూలు రోజుల్లో ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఇడ్లీ, వడ, ఖారా బాత్ అన్నీ తాజాగా ఉంటాయి. వడ అయితే ట్రే కాదు, బాణలి చూడండి, అందులో వేగుతుంటేనే చెప్పండి. మధ్యాహ్నం చాలాచోట్ల దోసె ఆపేస్తారు, నాలుగింటికి మళ్లీ పెనం వేడెక్కుతుంది. ఆ మధ్యలో రైస్ బాత్, మీల్స్ నయం. ఎండాకాలం మధ్యాహ్నం కొబ్బరి చట్నీని ముందు వాసన చూడండి. పచ్చి కొబ్బరి, నీళ్లు, వేడి కలిస్తే గంటల్లోనే పులుస్తుంది. పుల్లగా అనిపిస్తే వదిలేయండి, మొహమాటం వద్దు. బసవనగుడి గాంధీ బజార్లో 1943 నాటి విద్యార్థి భవన్‌కి వెళ్లాలనుకుంటే, అది కూర్చుని తినే హోటల్, శుక్రవారం సెలవు. ఆదివారం పొద్దున వెళ్తే వరసలో నిలబడక తప్పదు.

కాఫీ. డికాక్షన్ ఎక్కువ కావాలంటే స్ట్రాంగ్, చక్కెర తగ్గించాలంటే "సక్కరె కమ్మి". చాలాచోట్ల చక్కెర ముందే కలిపి ఉంచుతారు కాబట్టి ఈ మాట గ్లాసు అందుకోకముందే చెప్పాలి. బైటూ అంటే ఒక కాఫీని రెండు గ్లాసుల్లో సగం సగం పోస్తారు, కొన్నిచోట్ల ఇవ్వరు. తాగాక గ్లాసు, ప్లేటు టబ్‌లో వేసేయండి. టేబుల్ మీద బ్యాగ్ పరిచి ఫోన్ చూస్తూ నిలబడితే వెనకాల ప్లేట్లు పట్టుకున్నవాళ్లు ఏమంటారో మీకు వినబడుతుంది.

అన్నం మీద మనసైతే ఆంధ్రా మీల్స్‌కి వెళ్లండి. రెసిడెన్సీ రోడ్డు నాగార్జున, ఊరంతా ఉన్న నందిని లాంటివి. పన్నెండుంబావుకల్లా చేరితే కుర్చీ వెనకాల కాపలా కాసే పని ఉండదు. ఆఫీసు జనం ఒంటిగంటకి వచ్చి పడతారు. కందిపొడి నెయ్యి ముద్దలతోనే కడుపు నింపేయకండి, పప్పు, పులుసు, పెరుగు వెనకాల ఉన్నాయి. ఇక్కడ ధర దర్శినికి రెండు మూడింతలు పైనే ఉంటుంది, కాబట్టి బిల్లు చదవండి. రెస్టారెంట్ జీఎస్టీ మామూలుగా 5 శాతం. అడుగున కాంపోజిషన్ (చిన్న వ్యాపారాల జీఎస్టీ పథకం) అని రాసుంటే వాళ్లు ట్యాక్స్ వేయకూడదు. సర్వీస్ చార్జ్ మీ ఇష్టం, తీసేయమంటే తీసేయాలి. వాదిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 1915.

చివరగా పార్సల్. దోసె వద్దు, ఆవిరికి పదిహేను నిమిషాల్లో తోలులా సాగుతుంది. ఇడ్లీ, బిసిబేళె బాత్ (సాంబార్ అన్నం లాంటిది), పులియోగరె (పులిహోర) నిక్షేపంగా ఉంటాయి. బిసిబేళె బాత్ చల్లారితే గట్టిపడుతుంది, రూముకెళ్లాక రెండు మూడు చెంచాల వేణ్ణీళ్లు కలపండి. దాని మీద చల్లే బూందీ మాత్రం విడిగా కట్టించుకుని తినేటప్పుడు వేసుకోండి.