అవుట్‌డోర్ సాకెట్ బాక్సులు: ప్లగ్ పెట్టాక నీళ్లు ఆగుతాయా?

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. టేబుల్ మీద మూడు సాకెట్ బాక్సులు పెట్టాను, మూడింటి మీదా వాటర్‌ప్రూఫ్ అనే ఉంది. మొదటిది మామూలు సాకెట్టే, పైన ఒక ప్లాస్టిక్ మూత తగిలించారు, అంతే. రెండోది స్ప్రింగ్ మూతతో ఐపీ44. మూడోది కాస్త పెద్దది, ఐపీ66, ప్లగ్ లోపల ఉండగానే మూత పూర్తిగా పడుతుంది.

ఐపీ పక్కన ఉండే రెండంకెల్లో మొదటిది దుమ్ముకి, రెండోది నీళ్లకి. నీళ్ల అంకె 4 అయితే ఏ వైపు నుంచి చిందినా తట్టుకుంటుంది, 5 అయితే పైపుతో కొట్టే ధారని, 6 అయితే ఇంకా గట్టి ధారని. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా పర్వాలేదని. అలాగని 67 ఉంటే 66 కూడా ఉన్నట్టే అనుకోకండి, మునగడం వేరు, ధార కొట్టడం వేరు, రెండు పరీక్షలూ విడివిడిగా చేస్తారు.

అసలు చూడాల్సింది వేరే ఉంది. ఇదిగో, రెండో బాక్సులో ప్లగ్ పెడుతున్నా... చూశారా, మూత పైకి లేచే ఉండిపోయింది! అంటే ఆ 44 మూత మూసి ఉన్నంతసేపే, గార్డెన్ లైట్లు రాత్రంతా వెలుగుతూ వాన పడితే ఆ అంకెతో పనే లేదు. వాన జల్లు అస్సలు రాని వరండా గోడకైతే ఇది చాలు. బయట గోడకైతే మూడోదే తీసుకోండి. మొదటిది అసలు కొనకండి.

బిగించేటప్పుడు వైరు కింది వైపు నుంచి, రబ్బరు బిగింపు ఉన్న కేబుల్ గ్లాండ్ గుండా రావాలి. పైన రంధ్రం చేశారంటే వైరు వెంట జారే నీళ్లు నేరుగా లోపలికే. ఇంటి లోపల వాడే వైరుని ఎండలో అలా వదిలేస్తే తొడుగు పెళుసై పగులుతుంది, కాబట్టి ఎండకి తట్టుకునే పైపులో వేయించండి, మట్టిలో అయితే ఆర్మర్డ్ కేబుల్, అంటే లోహపు తొడుగు ఉన్న కేబుల్.

ఇక బాక్సు ఎంత మంచిదైనా వెనక ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, లేకపోతే నేను ఒప్పుకోను. చాలామంది ఎంసీబీ ఉందిగా అంటారు. 16 ఆంపియర్ల ఎంసీబీ వైరు కాలిపోకుండా చూస్తుంది, మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు దానికి లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ ఫేజ్‌లో వెళ్లిందీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిందీ పోల్చి చూస్తుంది, తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే కట్ చేసేస్తుంది. మనుషుల రక్షణకి 30దే కావాలి, 100, 300 ఉన్నవి వేరే పనికి. అయితే తడి చేత్తో ఫేజూ న్యూట్రలూ రెండూ పట్టుకుని, భూమికి కరెంటు పోయే దారి లేకపోతే మాత్రం అదీ గుర్తించలేదు, ఇది చాలామందికి తెలియదు. దాంతోపాటు ఎర్త్ కూడా ఉండాల్సిందే, ఎర్త్ ఉంటే మోటారు బాడీకి లీకేజీ రాగానే మీరు ముట్టుకోకముందే ట్రిప్ అవుతుంది. ప్లగ్‌లో ఎర్త్‌కి ఉండే మూడో పిన్ను విరగ్గొట్టి పెట్టేవాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు బాబూ.

టెస్ట్ బటన్ అప్పుడప్పుడూ నొక్కండి, పడకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. వాన పడినప్పుడల్లా ట్రిప్ అవుతోందని దాన్ని తీసేసి డైరెక్ట్ చేయించడం మాత్రం వద్దు, ఎక్కడో తేమ చేరింది, అదే అది చెబుతోంది.

మూడో బాక్సులో నాకు నచ్చనిదీ ఒకటుంది. లోపల చోటు తక్కువ, లావు అడాప్టర్ పెడితే మూత పడదు, కొనేముందు మీ అడాప్టర్ కొలత చూసుకోండి. లైట్లకి మాత్రమే అయితే ట్రాన్స్‌ఫార్మర్ ఇంట్లో పొడి చోట పెట్టి, 12 వోల్టుల లైట్లు వేసుకుంటే బయట సాకెట్ అవసరమే రాదు.