గల్ఫ్ వెళ్లేవాళ్ల ఆరోగ్యం: డాక్టరుగారితో ఫోన్-ఇన్

యాంకర్: అమలాపురం నుంచి మొదటి కాల్. చెప్పండి.

కాలర్: నమస్తే అండి, నాకు షుగరండి, ఇన్సులిన్ వేసుకుంటా. వచ్చేవారం దోహా వెళ్తున్నా, ఇన్సులిన్ పెద్ద సూట్‌కేసులో పెట్టేయచ్చాండి?

డాక్టర్: వద్దండి. విమానం అడుగున సామాన్ల దగ్గర గడ్డకట్టిందా, ఇక పనిచెయ్యదు. చేతి బ్యాగులోనే పెట్టుకోండి. పక్కనే ఇంగ్లీషులో రాసిన మందు చీటీ. చీటీ లేకుండా ఒక్క బిళ్ల కూడా తీసుకెళ్లద్దు.

యాంకర్: థాంక్యూ అండి. పాలకొల్లు నుంచి...

కాలర్: మా బావమరిది దుబాయిలో ఉంటాడండి, నడుం నొప్పికి ట్రమడాల్ బిళ్లలు పంపమన్నాడు, మా ఊరి కుర్రాడు వెళ్తున్నాడు కదాని...

డాక్టర్: ఆగండాగండి. ఎవరిచేతా పంపద్దు. ఇక్కడ మామూలుగా వాడే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, అల్ప్రాజోలమ్ లాంటి నిద్ర బిళ్లలు అక్కడ గవర్నమెంటు కంట్రోల్‌లో ఉంటాయి, అనుమతి లేకుండా దొరికితే జైలుకెళ్లాల్సి రావచ్చు. ఇరుక్కునేది ఆ కుర్రాడు. మీ బావమరిదిని అక్కడే డాక్టరుకి చూపించుకోమనండి.

కాలర్: నాలుగు బిళ్లలేనండి...

డాక్టర్: ఒక్కటి కూడా వద్దన్నాను కదండీ!

యాంకర్: రాజోలు నుంచి ఒకమ్మగారు.

కాలర్: డాక్టరుగారండీ, మా అమ్మాయండి, కువైట్ వెళ్లిందండి ఇంటిపనికి, ఇక్కణ్ణించి హైదరాబాదు బస్సు, అక్కణ్ణించి మస్కట్, అక్కడ రాత్రంతా కుర్చీలోనే కూర్చుందంట, కాళ్లు బూరెల్లా వాచిపోయాయంట, అప్పుచేసి పంపామండి, పిల్లాడు నా దగ్గరే ఉన్నాడు, ఫోన్ చేస్తే చాలు ఏడుపేనండి, తిరిగొచ్చెయ్యమననాండి?

డాక్టర్: వాపు రెండు కాళ్లకీనా అమ్మా?

కాలర్: ఒకటి తగ్గిపోయిందండి, ఎడంకాలు పిక్క ఇంకా నొప్పంటంది.

డాక్టర్: అది ఊరుకోవాల్సింది కాదమ్మా. గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. ఇవాళే ఆసుపత్రికి వెళ్లాలి, ఆయాసమొస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. నిద్రపడుతోందా? తింటోందా?

కాలర్: తిండి సయించట్లేదంట. సర్దుకో అమ్మా, అప్పు తీరాలి కదా అంటానండి... వచ్చెయ్యమననాండి?

డాక్టర్: ఆ సర్దుకోవడం మాట కొన్నాళ్లు పక్కనపెట్టండమ్మా. చెప్పుకునేది మీ ఒక్కరికే, వినండి చాలు. కొడుతున్నారా, పాస్‌పోర్ట్ లాక్కున్నారా, పడుకోనిస్తున్నారా, మెల్లిగా అడగండి. చచ్చిపోతే బాగుండునంటే ఏదో అంటోందిలే అనుకోవద్దు, వెంటనే అక్కడి మన ఎంబసీకి చెప్పాలి, ఇక్కణ్ణించి మదద్ పోర్టల్లో, అంటే విదేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైట్లో, మీరే ఫిర్యాదు పెట్టచ్చు, మీసేవలో ఎవరైనా పెట్టిపెడతారు. రావాలా వద్దా అన్నది పిల్ల చెప్పింది విన్నాక. అప్పు ఎలాగోలా తీరుద్దమ్మా, ముందు కాలు చూపించమనండి. మీకూ నిద్రుండట్లేదు కదా?

కాలర్: లేదండి...

డాక్టర్: 14416 టెలిమానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం పడవు. మీకోసం చెయ్యండి.

కాలర్: ఆయ్. కాలు ఇవాళే చూపించాలంటారా?

డాక్టర్: ఇవాళేనమ్మా.

యాంకర్: భీమవరం, త్వరగా చెప్పండి.

కాలర్: కువైట్‌లో సెంట్రింగ్ పనండి, లీవులో వచ్చాను, అక్కడ ఎండకి ఒంటేలు ఎర్రగా వచ్చేదండి...

డాక్టర్: నీళ్లు చాలక కిడ్నీలు దెబ్బతింటాయి. దాహం వేసేదాకా ఆగద్దు, ఓఆర్ఎస్ కలుపుకోండి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడే రూలుంది. వెళ్లేముందు కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. నొప్పి బిళ్లలు మింగుతున్నారా?

కాలర్: రోజూ అండి.

డాక్టర్: కిడ్నీకి అవే చేటు, మానెయ్యండి. రిపోర్ట్ డాక్టరుకి చూపించాకే టికెట్ తీయండి.

యాంకర్: టైమైపోయింది, థాంక్యూ డాక్టరుగారూ.