రాజుగారి నీడలో నగర నియంతలు

సభకు నమస్కారం.

క్రీ.పూ. 513 ప్రాంతంలో డాన్యూబ్ నది మీద పడవలతో కట్టిన ఒక వంతెన దగ్గర జరిగిన చర్చతో మొదలుపెడతాను. పర్షియా చక్రవర్తి డారియస్, నల్లసముద్రానికి ఉత్తరాన తిరిగే సంచార జాతి సిథియన్ల మీదికి దండెత్తి నది దాటి వెళ్లాడు. వంతెనకు కాపలాగా తన ఏలుబడిలో ఉన్న గ్రీకు నగరాల పాలకులను ఉంచాడు. వెళ్తూ వెళ్తూ అరవై ముడులు వేసిన ఒక తోలు పట్టీ వాళ్ల చేతికిచ్చాడు. రోజుకో ముడి విప్పండి, ముడులు అయిపోయేలోగా నేను రాకపోతే మీ ఊళ్లకు వెళ్లిపోండి అన్నాడు.

గడువు దాటిపోయింది. సిథియన్ గుర్రపు రౌతులు వచ్చి, వంతెన విరగ్గొట్టి స్వేచ్ఛగా బతకండి అని బతిమాలారు. డారియస్ అక్కడే చిక్కుకుపోతే గ్రీకు నగరాలకు పీడ విరగడైనట్టే. ఏజియన్ సముద్రానికి ఉత్తరాన ఉన్న ఖెర్సొనీస్ ద్వీపకల్పపు పాలకుడు మిల్టియాడెస్ సరే విరగ్గొడదామన్నాడు. మిగతావాళ్లూ తలూపారు. అప్పుడు ఇప్పటి టర్కీ తీరంలోని గ్రీకు నగరం మిలేటస్ నియంత హిస్టియాయస్ లేచాడు. మనలో ప్రతి ఒక్కడూ తన ఊరిని ఏలుతున్నది డారియస్ వల్లే, ఆయన బలం పోయిందంటే నేను మిలేటస్‌లో నిలవలేను, మీరెవరూ మీ ఊళ్లలో నిలవలేరు, ప్రతి నగరమూ ప్రజాపాలననే కోరుకుంటుంది అన్నాడు. అంతే, అందరూ అటు తిరిగారు. సిథియన్లను నమ్మించడానికి వాళ్ల వైపున బాణం పోయేంత దూరం మాత్రం వంతెన విప్పి, మిగతాది అలాగే ఉంచారు. డారియస్ బతికి బయటపడ్డాడు.

ఇది క్రీ.పూ. ఐదో శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన కథ. మిల్టియాడెస్ పాత్ర మీద నాకు గట్టి అనుమానమే ఉంది. రాజును చంపించబోయినవాడు ఆ తర్వాత కూడా దాదాపు ఇరవై ఏళ్ల పాటు పర్షియన్ల పక్కనే ఎలా ఏలగలిగాడు? క్రీ.పూ. 493లో సొంత ఊరు ఏథెన్స్ చేరిన అతని మీద, ఖెర్సొనీస్‌లో నియంతగా ఏలాడన్న నేరం మోపి విచారణ జరిపారు. నిర్దోషిగా బయటపడ్డాడు. అలాంటి విచారణలో ఈ వంతెన కథ ఎంత పనికొస్తుందో చెప్పనక్కర్లేదు. హిస్టియాయస్ మాటలు మాత్రం, అక్షరాలా అవే అన్నాడో లేదో గాని, పరిస్థితికి అద్దంలా సరిపోతాయి.

గ్రీకు నగరానికో నియంతను నిలిపి పర్షియా ఏలించే ఈ ఏర్పాటు ఎందుకొచ్చింది? క్రీ.పూ. 546 ప్రాంతంలో పర్షియా రాజు సైరస్ లిడియా రాజధాని సార్డిస్‌ను పట్టుకున్నాక, ఏజియన్ సముద్రపు తూర్పు తీరంలోని గ్రీకు నగరాలు ఒక్కొక్కటే పర్షియా కిందికి వచ్చాయి. సార్డిస్‌లో కూర్చున్న రాజప్రతినిధికి కావలసింది మూడే: కప్పం, ఓడలు, గొడవల్లేని నగరం. అయోనియన్లు అనే ఆ తీరపు గ్రీకులు, వాళ్ల పొరుగువాళ్లైన కేరియన్లు, లిసియన్లు మరికొందరు కలిసిన ఒక పన్నుల విభాగం ఏటా 400 టాలెంట్ల (టాలెంట్ అంటే అప్పటి ఒక పెద్ద తూకం) వెండి కట్టాలని డారియస్ నిర్ణయించాడు. ఒక్కో నగరంలో నాలుగైదు పెద్ద కుటుంబాలు జుట్టు జుట్టు పట్టుకుంటుంటే ఎవరిని అడగాలి? ఒకణ్ణి నిలబెడితే జవాబుదారీ వాడిదే. వాడికీ ఊళ్లో ప్రత్యర్థులుంటారు కాబట్టి ఎదురు తిరగడు.

ఆ ఒకణ్ణి ఎలా ఎంచుకుంటారు? సేమోస్ ద్వీపం కథ వినండి. సైలొసన్ అనే బహిష్కృతుడు ఈజిప్టులోని మెంఫిస్ బజారులో ఎర్రటి అంగవస్త్రం వేసుకుని తిరుగుతున్నాడు. అప్పటికి మామూలు అంగరక్షకుడైన డారియస్ దాని మీద మనసుపడి కొంటానన్నాడు. ఇతను ఊరికే ఇచ్చేశాడు. తర్వాత ఆ అంగరక్షకుడే చక్రవర్తి అయ్యాడని తెలిసి, సైలొసన్ డారియస్ కొలువున్న సూసా నగరానికి వెళ్లి, నేను మీకు ఉపకారం చేసినవాణ్ణి అన్నాడు. బంగారం వద్దు, రక్తం చిందకుండా సేమోస్ ఇప్పించండి అని అడిగాడు. పర్షియా సేనాని ఒటానెస్ బయల్దేరాడు. మొదట ఒప్పందం కుదిరినట్టే కుదిరింది. అంతలో ఆ ఊరివాళ్లు కొందరు పర్షియన్ పెద్దలను నరికేశారు. ఒటానెస్ కనిపించినవాణ్ణల్లా చంపించాడు. చివరికి సైలొసన్ చేతికి జనం లేని ద్వీపం వచ్చింది. తర్వాత అక్కడ మళ్లీ జనాన్ని నింపడానికి ఒటానెస్సే సాయం చేశాడు. సైలొసన్ కొడుకు ఏయకెస్ కూడా డాన్యూబ్ వంతెన దగ్గర ఉన్నవాడే. ఆ పేరు కాస్త గుర్తుంచుకోండి.

వంతెన కాపాడిన హిస్టియాయస్‌కు ఏజియన్‌కు ఉత్తరాన ఉన్న థ్రేస్‌లో మిర్కినస్ అనే చోటు బహుమానంగా దక్కింది. అక్కడ ఓడలకు కలప ఉంది, దగ్గర్లో వెండి గనులున్నాయి. తెలివైన గ్రీకువాడికి అలాంటి చోటు ఇవ్వడమేమిటని సేనాని మెగాబాజస్ హెచ్చరించాడు. డారియస్ అతణ్ణి ప్రేమగా పిలిపించి, నువ్వు నా పక్కనే కూర్చుని భోంచేయాలి అంటూ సూసాకు తీసుకుపోయాడు. విధేయత మరీ ఎక్కువగా ఫలించినా ప్రమాదమే.

మిలేటస్ అతని అల్లుడు అరిస్టాగొరస్ చేతికొచ్చింది. క్రీ.పూ. 499లో అతను పర్షియన్ల నుంచి 200 ఓడలు తెచ్చుకుని నాక్సోస్ ద్వీపం మీదికి వెళ్లి, నాలుగు నెలలు ముట్టడించి, చేతులు కాల్చుకుని తిరిగొచ్చాడు. డబ్బయిపోయింది, మాట పోయింది, పదవీ పోయేలా ఉంది. అప్పుడు నియంతృత్వం వదిలేస్తున్నా, మిలేటస్‌లో అందరూ సమానమే అని ప్రకటించి తిరుగుబాటు లేవదీశాడు. పక్క నగరాల నియంతలను పట్టించి వాళ్ల వాళ్ల జనానికే అప్పగించాడు. చాలాచోట్ల జనం వాళ్లను ఊరికే పొమ్మన్నారు. మైటిలీన్‌లో మాత్రం అక్కడి నియంత కోయెస్‌ను రాళ్లతో కొట్టి చంపారు. ఆ పదవి అతనికి వచ్చింది, డాన్యూబ్ వంతెనను విప్పకుండా ఉంచమని డారియస్‌కు సలహా ఇచ్చినందుకు.

తిరుగుబాటు ఆరేళ్లు నడిచింది. సార్డిస్ తగలబడింది. క్రీ.పూ. 494లో మిలేటస్ ఎదుటి లాడే ద్వీపం దగ్గర నావికా యుద్ధానికి ముందు పర్షియన్లు పాత నియంతలను బయటికి తీసి, ఎవరి ఊరివాళ్లను వాళ్లు చీల్చుకురండి అన్నారు. ఏయకెస్ పని సాధించాడు. సేమోస్ ఓడలు అరవైలో పదకొండు తప్ప మిగతావి తెరచాపలెత్తి వెళ్లిపోయాయి. మిలేటస్ కూలిపోయింది, ఏయకెస్ మళ్లీ గద్దెనెక్కాడు.

అసలు విశేషం ఆ తర్వాత జరిగింది. క్రీ.పూ. 492లో డారియస్ అల్లుడు మార్డోనియస్ తీరం వెంట వస్తూ అయోనియా నియంతలను దించేసి ప్రజాపాలనలు పెట్టాడు. పెట్టింది పర్షియా సేనాని! గ్రీకులు కొందరికి ఇది పెద్ద వింతగా తోస్తుందని హెరొడోటస్సే అంటాడు. నాకైతే ఇందులో వింత కనిపించదు. అంతకు ముందే రాజప్రతినిధి అర్టఫెర్నెస్ భూములు కొలిపించి కప్పం లెక్క కట్టాడు, నగరాల మధ్య తగవులు మధ్యవర్తులతో తీర్చుకోవాలని ఒప్పందాలు రాయించాడు. జనానికి కంటగింపైన మధ్యమనిషి ఇక ఎందుకు? అయినా అన్నిచోట్లా దించలేదు. ఖియోస్ ద్వీపంలో స్ట్రాటిస్ అనే నియంత కొనసాగాడు. క్రీ.పూ. 480లో గ్రీకులకూ పర్షియాకూ జరిగిన సలమిస్ నావికా యుద్ధంలో పర్షియా పక్షాన బాగా పోరాడినందుకు థియొమెస్టర్‌కు సేమోస్ దక్కింది. కొలువుకు పనికొస్తే ఉంచారు, లేకపోతే తీసేశారు.

ఇదంతా మనకు చెప్పిన హెరొడోటస్ పుట్టిన హాలికర్నాసస్ కూడా అలాంటి నగరమే. దాన్నేలిన ఆర్టెమీసియా అనే రాణి ఐదు ఓడలతో పర్షియా వైపు నిలిచి సలమిస్‌లో పోరాడింది. సముద్రం మీద యుద్ధం వద్దని డారియస్ కొడుకు, అప్పటి చక్రవర్తి జెర్క్సీజ్‌కు సలహా ఇచ్చింది ఆమె ఒక్కతే. తక్కిన నియంతలను వెటకారంగా చూసే ఈ రచయిత ఆమె దగ్గరికొచ్చేసరికి మెచ్చుకోలు దాచుకోలేడు. సొంత ఊరి అభిమానమా, ఆమె నిజంగానే అంతటిదా అన్నది మీరే ఆలోచించండి. ప్రశ్నలుంటే అడగండి.