మూడో రోజు రక్తపు చుక్క

శ్రోతలకు నమస్కారం.

"మా మనవరాలు బంగారం డాక్టర్ గారూ, ఏడుపన్నదే ఎరగదు. పాలకు కూడా మేమే లేపాలి." ఇరవై రోజుల పాపను ఒళ్లో పెట్టుకుని ఒక అమ్మమ్మ మురిసిపోతూ అన్న మాట ఇది. నాకు మాత్రం భయం వేసింది. పుట్టినప్పటి పసిరికలు ఇంకా తగ్గలేదు. బొడ్డు ఉబ్బి ఉంది. నాలుగు రోజులకోసారి గానీ విరేచనం కావడం లేదట. గిల్లితే ఏడ్చింది, అదీ బొంగురు గొంతుతో. థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే రక్తంలో టీఎస్‌హెచ్ అనేది పెరుగుతుంది; పాపకు అది వంద దాటింది. అంటే పుట్టుకతోనే థైరాయిడ్ తక్కువ.

పాప తల్లిది మేనరికం. ఈ అమ్మమ్మ తన కూతుర్ని సొంత తమ్ముడికే ఇచ్చింది. సంగతి తెలిశాక ఆవిడ మెల్లగా అడిగింది: "బయటి సంబంధం చేసి ఉంటే ఇలా అయ్యేది కాదా?"

గొంతు ముందుండే థైరాయిడ్ గ్రంథి రక్తంలోని అయోడిన్‌ను పట్టుకుని, ఒక ప్రోటీన్‌కు అతికించి హార్మోన్ తయారుచేస్తుంది. ఇందులో ప్రతి పనికీ ఒక జన్యువు ఉంటుంది. ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులు: అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది నెట్టుకొస్తుంది, అందుకే తల్లిదండ్రులకు ఏ జబ్బూ కనిపించదు. చెడిన ప్రతులు రెండూ బిడ్డకే చేరితే గ్రంథి ఉన్నా హార్మోన్ తయారు కాదు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కో చెడిన ప్రతి ఉంటే, ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం నాలుగో వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కదా, రెండో బిడ్డకు రాదులే అనుకోకండి. మేనమామ, మేనకోడలికి జన్యువుల్లో పావు వంతు ఉమ్మడి కాబట్టి ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే వీలు ఎక్కువ. అయినా బయటి సంబంధాల్లోనూ ఇలాంటి బిడ్డలు పుడతారు. పైగా పుట్టుకతో థైరాయిడ్ తక్కువగా ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి కారణం గ్రంథి సరిగా ఏర్పడకపోవడమే, అది చాలావరకు వంశంలో వచ్చేది కాదు. అమ్మా, ఇందులో మీ తప్పు లేదు, అని ఆవిడకు చెప్పాను. నమ్మిందో లేదో.

కొన్ని కుటుంబాల్లో దీనికి చెవుడు కూడా తోడవుతుంది. 1896లో ఇంగ్లాండులో వాన్ పెండ్రెడ్ అనే డాక్టర్ ఒకే ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లకు చెవుడు, థైరాయిడ్ గ్రంథి వాపు రెండూ ఉన్నాయని రాశాడు. దానికి కారణమైన జన్యువు దొరికింది 1997లో. అందుకే ఈ పిల్లలకు వినికిడి పరీక్ష కూడా చేయించమంటాను.

తల్లి హార్మోన్ కడుపులో కొంత అందుతుంది గనుక చాలామంది బిడ్డలు పుట్టగానే మామూలుగానే ఉంటారు. కానీ మెదడు ఎదుగుదల ఆగి చూడదు. రెండు వారాల లోపు మందు మొదలుపెట్టాలి. జబ్బును ముందే పట్టుకునే పరీక్షకు, మూడో రోజున మడమ మీద చిన్న సూదితో గుచ్చి, నాలుగు రక్తపు చుక్కలు అట్ట కాగితం మీద ఆరబెడితే చాలు. కొన్ని ఆసుపత్రుల్లో బొడ్డుతాడు రక్తంతోనే చేస్తారు. డిశ్చార్జి అయ్యేలోపు అడగండి.

మందు థైరాక్సిన్ మాత్రే. రోజుకోసారి, ఏ రోజు మాత్ర ఆ రోజే నలిపి, తల్లిపాల చుక్కల్లో కలిపి పట్టాలి. ఐరన్, కాల్షియం మందులతో కలిపి ఇవ్వకూడదు.

ఆ తల్లికి రెండో కాన్పులో బాబు పుట్టాడు. మూడో రోజే మడమ రక్తం తీశాం. వాడికీ ఉంది. ఏడో రోజు పొద్దున్న ఉగ్గుగిన్నెలో మొదటి మాత్ర నలిపింది ఆ అమ్మమ్మే.