తెర మీద పెన్న

శ్రోతలకు నమస్కారం.

నేను నెల్లూరు జిల్లాలో, పెన్న ఒడ్డున ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. బడిలో టెక్నాలజీని ఎట్లా వాడాలో మాట్లాడమన్నారు. చాలా పెద్ద విషయం. ఉన్న ఈ కాసేపట్లో ఒక్క పాఠం సంగతి చెబుతాను. అందులో నేను చేసిన మంచి పని ఒకటుంది, చేసిన తప్పు ఒకటుంది.

2022 డిసెంబరులో మన ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు. ఆ తరవాత తరగతి గదుల్లోకి పెద్ద డిజిటల్ ప్యానెళ్లు వచ్చాయి. మా పిల్లలు దాన్ని టీవీ అనే అంటారు. మొదట్లో నేనూ టీవీలాగే వాడాను. వీడియో పెడితే గదంతా కిక్కురుమనకుండా చూసేది. పిల్లలు అంత నిశ్శబ్దంగా ఉన్నారంటే పాఠం బాగా ఎక్కుతోందనుకునేదాన్ని.

ఒకరోజు తొమ్మిదో తరగతికి నదుల పాఠం. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, అన్నీ ఉన్న చక్కటి వీడియో వేశాను. అయిపోయాక అడిగాను, మన పెన్న ఎక్కడ పుడుతుంది? జవాబు లేదు. ఎక్కడ సముద్రంలో కలుస్తుంది? జవాబు లేదు. పొద్దున లేస్తే పెన్నను చూసే పిల్లలు వాళ్లు! కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, దాదాపు 600 కిలోమీటర్లు వచ్చి, మన జిల్లాలోనే ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే నది అది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు కూడా దొరుకుతాయి. మా ఊరి పక్క పెన్నవి వెతికి పట్టుకున్నాను. 2021 నవంబరు వరదకు ముందుది ఒకటి, తరవాతది ఒకటి. ఆ వరద మీకు గుర్తుండే ఉంటుంది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే కూడా తెగింది. ఆ రెండు చిత్రాలూ పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. బడిలోనే నెట్ తెరిచి చూపించొచ్చు కదా అంటారేమో. పిల్లల ముందు వెతుకుతుంటే ఏ ప్రకటన వచ్చి పడుతుందో చెప్పలేం. నేను ముందుగా చూడనిది పిల్లలకు చూపించను. ఈ ఒక్క నియమం మాత్రం తప్పను.

మర్నాడు రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టి, ఏం కనబడుతోంది అన్నాను. మొదటి దాంట్లో మడులు. రెండో దాంట్లో అదే చోట పొడుగ్గా తెల్లటి మచ్చ. మేఘం అన్నాడొకడు. ఉప్పు కొటార్లు అంది ఒకమ్మాయి. రొయ్యల గుంటలు అన్నాడు ఇంకొకడు. నేనేమీ చెప్పలేదు. ఆ చిత్రాలే కాగితాల మీద అచ్చు తీయించి ఇచ్చాను, ఇంటికెళ్లి పెద్దవాళ్లనడగండి అని.

తెల్లారి ఒక పిల్లోడు కాగితం నిండా పెన్సిలు గీతలతో వచ్చాడు. వాళ్ల తాతకు చదువు రాదు. ఆయన వేలు పెట్టి చూపిస్తుంటే వీడు గీశాడట. ఇది కాలవ. ఇది మోటారు షెడ్డు. ఇవి తాటిచెట్లు. మరి ఈ తెల్లది ఏంది తాతా అంటే, "అది ఇసుక మేటరా. మన చేలో మోకాలెత్తు వేసింది. నారుమడి దాని కిందే పోయింది" అన్నాడట. గదిలో ఎవ్వరూ మాట్లాడలేదు. వీడియో చూసేటప్పటి నిశ్శబ్దం కాదు అది.

తెర చూపించింది, తాత చెప్పాడు. నది ఇసుకను ఎందుకు మేట వేస్తుంది అన్న ప్రశ్న ఆ తరవాత వాళ్లే అడిగారు. వేగం తగ్గినచోట నీళ్లు మోసుకొచ్చిన ఇసుకను వదిలేస్తాయని చెబితే వెంటనే అర్థమైంది. ప్యానెల్ లేకపోతే ఆ తెల్ల మచ్చను పైనుంచి చూసేవాళ్లం కాదు. తాత లేకపోతే అది మేఘమనో, ఉప్పనో అనుకుని పుస్తకం మూసేసేవాళ్లం.

ఇక తప్పు.

ఆ పిల్లోడు తెర దగ్గరికెళ్లి, "మేడమ్, ఇదే మా ఇల్లు" అని వేలు పెట్టి చూపించాడు. వాడి ముఖంలో ఆనందం చూసి గబుక్కున ఫోటో తీశాను. పేరు, తరగతి రాసి బడి గ్రూపులో పెట్టాను. గంటలో ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. సాయంత్రం వాళ్లమ్మ ఫోన్ చేసింది. కోప్పడలేదు. "మేడమ్, వాడి ముఖం, వాడి పేరు, వాడి బడి, మా ఇల్లు, అన్నీ ఒక్క ఫోటోలోనే ఉన్నాయి గదా" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఫోటో తీసేశాను గానీ, అప్పటికే చేరినవాళ్ల ఫోన్లలోనుంచి నేను తీయలేను కదా.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండేదాకా పిల్లలే. వాళ్ల వివరాలు వాడాలంటే సాధారణంగా తల్లిదండ్రుల అనుమతి కావాలి. నాకు మాత్రం చట్టంకంటే ముందు ఆ తల్లి మాటే గుర్తొస్తుంది.

అందుకని తోటి టీచర్లకు ఒక్కటే చెబుతాను. బిడ్డ ఫోటో బయట పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. ముఖం ఉందా? పేరుందా? మెడలో ఐడీ కార్డుందా? వెనక బడి బోర్డుందా? ఇందులో ఏ రెండు కలిసినా పెట్టొద్దు. ఒకటే ఉన్నా అమ్మానాన్నలను అడిగాక పెట్టండి. తల్లిదండ్రులారా, బడి గ్రూపులో వచ్చిన పక్కింటి బిడ్డ ఫోటోను మీరూ ముందుకు పంపకండి. ఫోటో పేరుతో ఎవరైనా పిల్లల్ని బెదిరిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. పగలైనా రాత్రయినా పలుకుతారు.

ఈ ఏడాది కూడా పెన్న పాఠం అట్లాగే చెప్పాను. ఈసారి ఒక పాప వాళ్లమ్మనడిగి గ్రూపులో ఒక ఫోటో పెట్టాను. ఒక చిన్న చెయ్యి, పెన్సిలు, కాగితం మీద గీసిన నది. అంతే. పేరు లేదు. పది నిమిషాలకు ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మా చిన్నదాని చెయ్యే మేడమ్, ఆ గాజులు నేనే వేశాను" అని.

నమస్కారం.